ఐదు వాక్యాల పనితనం

నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో పుస్తకాన్ని పొగడని వక్త ఉండడు. హస్తభూషణం అంటారు, మంచి నేస్తం అంటారు, విజ్ఞాన భాండాగారం అంటారు. పిల్లలు చప్పట్లు కొడతారు. వ్యాసరచన పోటీలో గెలిచినవాళ్లకు బహుమతులిస్తారు. వారం గడిచాక బడిలో బీరువాకు మళ్లీ తాళం పడుతుంది. పొగడ్తలకు పుస్తకం బీరువాలోంచి బయటికి రాదు. రప్పించడానికి ఏం చెయ్యాలో, ఏ వరసలో చెయ్యాలో ఐదు చిన్న వాక్యాల్లో చెప్పినవారు శియాలి రామామృత రంగనాథన్. 1931లో మద్రాసు గ్రంథాలయ సంఘం అచ్చువేసిన 'ద ఫైవ్ లాస్ ఆఫ్ లైబ్రరీ సైన్స్' అనే ఆయన గ్రంథమంతా ఆ ఐదు వాక్యాల మీదే నిలబడింది.

ఆ ఐదింటి సారం ఇది. పుస్తకం ఉన్నది వాడుకోవడానికే. చదివే ప్రతి ఒక్కరికీ తమకు తగిన పుస్తకం అందాలి. ప్రతి పుస్తకానికీ దాన్ని చదివేవారు దొరకాలి. చదువరి సమయం వృథా కాకూడదు. గ్రంథాలయం పెరుగుతూ ఉండే జీవి. ఇంతే. పుస్తకాన్ని మెచ్చుకునే మాట ఒక్కటి లేదు. గ్రంథాలయ శాస్త్రం చదివే విద్యార్థులు పరీక్ష కోసం వీటిని బట్టీపట్టి, పరీక్ష అయ్యాక మరిచిపోతుంటారు. మొదటిసారి విన్నవారు ఇందులో కొత్తేముందని పెదవి విరుస్తారు. అంత మామూలుగా కనిపించే మాటల్ని ఒక బడి గదిలోకి తీసుకెళ్లి, అక్కడున్న అరలకూ రిజిస్టర్లకూ టైంటేబులుకూ పక్కన పెట్టి చూస్తే గానీ వాటిలో ఎంత పని దాగి ఉందో తెలియదు.

చిదంబరంలో విన్నవారు

రంగనాథన్ లెక్కల మాస్టారు. 1892లో తంజావూరు జిల్లా శియాలిలో పుట్టారు. 1917 నుంచి మంగుళూరు, కోయంబత్తూరు, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీల్లో గణితం చెప్పారు. 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడిగా చేరారు. చేరిన కొద్ది రోజులకే, మాట్లాడే మనిషి లేని ఆ కొలువు మీద విసుగుపుట్టి మళ్లీ పాఠాలే చెప్పుకుంటానని ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లి అడిగారు. ముందు ఇంగ్లండు వెళ్లి ఆ విద్య నేర్చుకుని రమ్మన్నారు వాళ్లు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో బెర్విక్ సేయర్స్ దగ్గర చదువుతూ, బ్రిటన్‌లోని గ్రంథాలయాలను తిరిగి చూశారు. ఒక్కోచోట ఒక్కో పద్ధతి. ఎందుకలా చేస్తున్నారంటే చెప్పగలిగే సూత్రం ఎక్కడా లేదు. గణితం చదివిన మనసుకు అది రుచించలేదు. ఇన్ని పద్ధతుల వెనక కొద్దిపాటి మూలసూత్రాలు ఉండి తీరాలని, మిగతావన్నీ వాటి నుంచే రాబట్టగలగాలని ఆయన పట్టుదల.

మద్రాసుకు తిరిగి వచ్చాక కూడా ఆ సూత్రాలు మాటల్లో పెట్టడం కుదరలేదు. 1928లో ఒక సాయంత్రం, తనకు గణితం చెప్పిన గురువు ఎడ్వర్డ్ రాస్ చూడటానికి వచ్చారు. శిష్యుడి అవస్థ విని, పుస్తకాలు ఉన్నవి వాడుకోవడానికి అనే కదా నువ్వు చెప్పదలిచింది అని తేలిగ్గా ఒక మాట అనేసి వెళ్లిపోయారు. మొదటి వాక్యం దొరికింది. మిగతా నాలుగూ దాని వెంటే వచ్చాయి. ఆ ఏడాది డిసెంబరులో చిదంబరంలోని మీనాక్షి కళాశాలలో జరిగిన విద్యా మహాసభలో వాటిని తొలిసారి బహిరంగంగా వివరించారు. గ్రంథపాలకుల కంటే ముందు ఈ సూత్రాలు చెవిన పడింది విద్యారంగంలోని వారికి. బడి గ్రంథాలయం గురించి మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంచుకోదగిన సంగతి.

వాక్యాల వరసలోనూ నేర్పుంది. మొదటిది పుస్తకం గురించి, రెండోది చదువరి గురించి. మూడోది మళ్లీ పుస్తకం, నాలుగోది మళ్లీ చదువరి. ఐదోది ఈ ఇద్దరూ కలిసే చోటు గురించి. రెండు, మూడు వాక్యాలు చెప్పేది ఒకే కలయికే గానీ, రెండోది పిల్లవాడి వైపు నుంచి చూస్తుంది, మూడోది అరలో ఉన్న పుస్తకం వైపు నుంచి చూస్తుంది. రెండు వైపుల నుంచీ చూస్తే బయటపడే లోపాలు వేరువేరు. కావలసిన పుస్తకం దొరక్క తిరిగిపోయిన పిల్లవాడు మొదటి లోపం. పదేళ్లుగా ఎవరూ తెరవని పుస్తకం రెండో లోపం. ఒకదాన్ని సరిదిద్దితే రెండోది దానంతటది పోదు.

తాళం ఎందుకు పడుతుంది

వాడుకోవడానికి కాకపోతే పుస్తకం మరెందుకు? చరిత్ర తిరగేసి చూపిస్తారు రంగనాథన్. మధ్యయుగపు యూరప్‌లో పుస్తకాలను బల్లలకు ఇనుప గొలుసులతో బిగించేవారు. ఇంగ్లండులోని హియర్‌ఫర్డ్ చర్చిలో ఆ గొలుసుల పుస్తకాలను ఇప్పటికీ చూడొచ్చు. చేత్తో రాసిన ప్రతులు కాబట్టి ఆ జాగ్రత్తకు అర్థముంది. అచ్చుయంత్రం వచ్చి పుస్తకం చవకయ్యాక గొలుసులు పోయాయి, దాచే బుద్ధి మాత్రం అంత త్వరగా పోలేదని ఆయన ఫిర్యాదు. మన బడుల్లో ఆ బుద్ధి ఇనప బీరువా రూపంలో హెడ్మాస్టరుగారి కుర్చీ వెనక నిలబడి ఉంటుంది.

తాళం వేసే మాస్టారిని తిట్టి లాభం లేదు. పుస్తకాలు కూడా బెంచీలు, గ్లోబుల్లాగే స్టాకు లెక్కలోకి వస్తాయి. బదిలీ అయితే లెక్కపెట్టి ఛార్జి అప్పగించాలి. తక్కువైతే సంజాయిషీ ఇచ్చుకోవాలి, జేబులోంచి కట్టాల్సి వస్తుందేమోనన్న భయం ఒకటి. పిల్లలందరూ చదవగా పది పుస్తకాలు చిరిగిన బడిలో కంటే, ఎవరూ ముట్టుకోని బడిలో లెక్క చక్కగా తేలుతుంది. చదివించిన మాస్టారికి తంటా, దాచిన మాస్టారికి నిశ్చింత.

ఈ భయానికి విరుగుడు సర్కారు నిబంధనల్లోనే ఉందని చాలామందికి తెలియదు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి, 2017 ప్రకారం, ఏడాదిలో పాఠకులు తీసుకున్న లేదా చూసిన ప్రతి 1000 సంపుటాలకు 5 పోవడం సమంజసమే. మోసం వల్లో నిర్లక్ష్యం వల్లో పోయి ఉండకూడదు, అంతే. 1000 రూపాయలు మించిన పుస్తకం గానీ, అరుదైన పుస్తకం గానీ పోతే మాత్రం విచారణ తప్పదు. ఇందులో మెచ్చుకోదగిన సూక్ష్మం ఒకటుంది. లెక్క కట్టేది బీరువాలో ఉన్న పుస్తకాల మీద కాదు, చేతులు మారిన పుస్తకాల మీద. ఎంత ఎక్కువ చదివిస్తే అంత ఎక్కువ నష్టాన్ని నియమం మన్నిస్తుంది. ఇది కేంద్ర కార్యాలయాల కోసం రాసిన నియమమే అయినా, రంగనాథన్ మొదటి వాక్యం ఆర్థిక శాఖ భాషలోకి ఎక్కితే ఎలా ఉంటుందో ఇది చూపిస్తుంది. రాష్ట్రాల విద్యాశాఖలు ఇలాంటి మాట స్పష్టంగా రాసి ప్రతి హెడ్మాస్టరు చేతికీ ఇస్తే సగం తాళాలు తెరుచుకుంటాయి.

మొదటి వాక్యం నుంచే రంగనాథన్ గ్రంథాలయం ఉండాల్సిన చోటు, తెరిచి ఉంచాల్సిన వేళలు, అరల ఎత్తు, పనిచేసే మనిషి గుణం అన్నీ రాబడతారు. బడికి అన్వయిస్తే ఇలా ఉంటుంది. అర ఎత్తు ఆరో తరగతి పిల్ల చెయ్యి చాపితే అందేంత. వేళలు ఉదయం ప్రార్థనకు ముందు, మధ్యాహ్న భోజనం తర్వాత, సాయంత్రం బడి వదిలాక, అంటే పిల్లలకు తీరిక ఉన్నప్పుడు. చోటు పిల్లలు రోజూ నడిచే వరండా పక్కన. పిల్లలు భయపడే గదిలో పుస్తకాలు పెట్టి, ఎవరూ చదవడం లేదని వాపోతే ఏం ప్రయోజనం?

ఎవరి పుస్తకం వారికి

రంగనాథన్ పుస్తకంలో సూత్రాలు పాత్రల్లా కదులుతాయి. రెండో సూత్రం పోరాడుతుంది, తర్వాత దిగ్విజయ యాత్రకు బయల్దేరుతుంది. ఒక అధ్యాయానికి ఆయన పెట్టిన పేరులోనే దిగ్విజయం అనే మన మాట ఉంది. ధనికులకేనా, పేదలకు వద్దా? మగవాళ్లకేనా, ఆడవాళ్లకు వద్దా? పట్నాలకేనా, పల్లెలకు వద్దా? కళ్లు కనిపించనివారికి, జైల్లో ఉన్నవారికి, ఓడల్లో తిరిగేవారికి ఎవరిస్తారు? ఇలా ఒక్కో గోడా పడగొట్టుకుంటూ పోతుంది. ఆ పుస్తకం వెలువడిన 1931లోనే మన్నార్‌గుడి ప్రాంతంలో ఎడ్లబండి మీద గ్రంథాలయం పల్లెలకు బయల్దేరింది. 1935లో గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణం పడవ మీద పుస్తకాలు పెట్టి కాలువ వెంట ఊళ్లకు తిప్పారు. 1914లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరుపుకున్న ఆంధ్ర దేశానికి ఈ రెండో సూత్రం కొత్తగా నేర్పాల్సింది కాదు.

బడిలో ఈ సూత్రం మరీ గట్టిది. నలభై మంది ఉన్న ఎనిమిదో తరగతిలో పది మంది నవల చదవగలరు, పది మంది రెండో తరగతి వాచకం దగ్గర తడబడతారు. తమ ఇంటి నుంచి తొలిసారి బడికొచ్చిన పిల్లలుంటారు. ఇంట్లో గోండీయో, కోయో, సవరో, లంబాడీయో, ఉర్దూయో మాట్లాడి బడికొచ్చి తెలుగు చదివేవాళ్లుంటారు. ప్రతి ఒక్కరికీ అన్నప్పుడు వీళ్లందరూ అందులోకి వస్తారు. ఫస్టు ర్యాంకు పిల్లలకు మాత్రమే పుస్తకమిచ్చే బడి రెండో సూత్రాన్ని నలభై సార్లకు ముప్పై సార్లు తప్పుతున్నట్టు.

తగిన పుస్తకం అందితే ఏమవుతుందో ఫిజీ దీవుల్లో తేల్చి చూశారు. 1980 ప్రాంతంలో వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మంగూభాయ్ అక్కడి పల్లె బడుల్లో 4, 5 తరగతుల గదుల్లోకి సుమారు 250 బొమ్మల కథల పుస్తకాలు పంపించారు. పిల్లల ఇంటి భాష ఇంగ్లీషు కాదు, పుస్తకాలు మాత్రం ఇంగ్లీషువే. మరికొన్ని బడుల్లో మామూలు పాఠాల కసరత్తే కొనసాగింది. కథల పుస్తకాలు చదివిన పిల్లలు చదివి అర్థం చేసుకోవడంలో దాదాపు రెండింతల వేగంతో ముందుకెళ్లారని 1983లో ప్రకటించారు. పాఠం మానేసి కథలేమిటని గొణిగే పెద్దలకు ఇదొక మంచి జవాబు.

కథలు ఎంచేవారి పని కూడా తక్కువది కాదు. 1953లో వచ్చిన ముదలియార్ కమిషన్ నివేదిక మన ఉన్నత పాఠశాలల గ్రంథాలయాలను మొహమాటం లేకుండా ఎండగట్టింది. పుస్తకాలు పాతవి, పిల్లల అభిరుచి చూడకుండా కొన్నవి, చూసుకునేది ఓ గుమస్తానో, పుస్తకాల మీద ఆసక్తి లేని టీచరో అని తేల్చింది. ఇప్పటికీ అన్ని బడులకూ ఒకే మూట దిగే చోట్ల ఆ విమర్శ పాతబడలేదు. తెలుగులో ఎంచుకోవడానికి సరుకు లేదనడం కుదరదు. 1947లో మొదలైన చందమామ పాత సంచికలున్నాయి. మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా అమ్ముడుపోయిన సోవియట్ బాలల పుస్తకాల్లో కొన్ని మళ్లీ అచ్చవుతున్నాయి. మంచి పుస్తకం వంటి సంస్థలు చిన్న చిన్న బొమ్మల పుస్తకాల నుంచి 'రైలుబడి' దాకా వేస్తున్నాయి. వీటిలో ఏది ఎవరికన్నది జాబితా చెప్పదు, పిల్లవాణ్ని ఎరిగిన టీచరే చెప్పాలి.

వెన్ను లేని పుస్తకాలు

మూడో సూత్రం నాకు అన్నిటికంటే ఇష్టం. అరలో కూర్చున్న ప్రతి పుస్తకం తరఫునా అది వాదిస్తుంది. అడిగినవాడికి ఇవ్వడంతో పని అయిపోదు, అడగడం తెలియని వాడికి పుస్తకం తనను తాను చూపించుకోవాలి. అందుకే రంగనాథన్ మద్రాసు విశ్వవిద్యాలయంలో పాఠకులను నేరుగా అరల దగ్గరికి వెళ్లనిచ్చారు. చీటీ రాసిచ్చి పుస్తకం వచ్చేదాకా కిటికీ దగ్గర నిలబడే పద్ధతిలో, పేరు తెలిసిన పుస్తకమే బయటికి వస్తుంది. అరల మధ్య తిరిగితే పేరు తెలియని పుస్తకం చేతికి తగులుతుంది.

బడిలో ఈ సూత్రానికి ఒక చిక్కుంది. పిల్లల తెలుగు పుస్తకాల్లో చాలామటుకు 16 పేజీలో, 24 పేజీలో ఉండి మధ్యలో పిన్ను కొట్టినవి. వాటికి వెన్ను ఉండదు. నిలబెట్టి పేరిస్తే ఒక్క పేరూ కనబడదు, అట్టల అంచులే కనబడతాయి. పెద్దల గ్రంథాలయంలో వెన్ను మీద అంటించే నంబరు చీటీకి ఇక్కడ చోటే లేదు. ఈ సంగతి తెలిసిన టీచర్లు గది ఈ మూల నుంచి ఆ మూలకు తాడు కట్టి పుస్తకాలను మధ్యకు తెరిచి దాని మీద వేలాడదీస్తారు. అట్ట మీది బొమ్మ నేరుగా పిల్లల కళ్లకు ఎదురుగా ఉంటుంది. నంబరు చీటీని అట్ట పైమూలలో అంటిస్తారు. కష్టాన్ని బట్టి ఒక్కో స్థాయికి ఒక్కో రంగు చుక్క పెడతారు. ఖర్చు ఒక తాడు, నాలుగు రంగుల కాగితం. మూడో సూత్రం చదవకుండానే దాన్ని ఇంత చక్కగా అమలు చేసిన పనితనం ఇది.

వర్గీకరణలోనూ ఇదే వివేకం కావాలి. రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణ తయారుచేశారు. లండన్‌లోని సెల్ఫ్‌రిడ్జెస్ దుకాణంలో మెకానో బొమ్మల సెట్టు చూసినప్పుడు, కొద్ది ముక్కలతో ఎన్నో రకాల బొమ్మలు కట్టొచ్చన్న సంగతి నుంచి ఆ ఆలోచన పుట్టిందని ఆయనే చెప్పుకున్నారు. ఏ విషయాన్నయినా దాని అంశాలుగా విడదీసి, మళ్లీ కలిపి సంఖ్య కట్టే గొప్ప పద్ధతి అది. 800 పుస్తకాల బడికి అంత యంత్రాంగం అక్కర్లేదు. 1876లో మెల్విల్ డ్యూయీ చేసిన పది విభాగాల దశాంశ పద్ధతిలోని మూడంకెలు చాలు. ఆ పద్ధతిలో జానపద కథలు 398 దగ్గర, పక్షులు 598 దగ్గర ఉంటాయి, తెలుగు సాహిత్యం 894.827 దగ్గర చేరుతుంది. పక్షుల పుస్తకం వెతుక్కుంటూ వచ్చిన పిల్లవాడికి దాని పక్కనే జంతువుల పుస్తకం కనిపించాలి. వర్గీకరణ చెయ్యాల్సిన పని అంతే, మూడో సూత్రానికి కావలసిందీ అంతే.

పుస్తకం లోపల అంటించే డేట్ స్లిప్ ఈ సూత్రానికి కొలబద్ద. దాని మీద తేదీలు నిండితే ఆ పుస్తకానికి చదువరులు దొరికినట్టు. ఒక్క తేదీ లేకపోతే పుస్తకం చెడ్డదైనా అయ్యుండాలి, కనబడని చోటైనా ఉండుండాలి. రెండో కారణమైతే టీచరు ఒక పని చెయ్యొచ్చు. తరగతిలో మొదటి రెండు పేజీలు చదివి, కథ మలుపు తిరిగే చోట ఆపి, పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్లిపోవడం.

నలభై నిమిషాల లెక్క

నాలుగో సూత్రాన్ని బడి వాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. పిల్లల సమయానికేం విలువ అనుకుంటారు కాబోలు. లెక్క వేసి చూద్దాం. వారానికి ఒక లైబ్రరీ పీరియడు, నలభై నిమిషాలు. తరగతిలో నలభై మంది. టీచరు రిజిస్టరులో పిల్లవాడి పేరు, తరగతి, పుస్తకం పేరు, నంబరు, తేదీ రాసి సంతకం పెట్టించుకోవడానికి ఒక్కొక్కరికి నిమిషం. పీరియడు అయిపోయింది. పాత పుస్తకం వాపసు తీసుకోవడం ఇంకా మిగిలే ఉంది. ఎవరూ ఒక్క పేజీ చదవలేదు. గ్రంథాలయం ఉంది, పుస్తకాలున్నాయి, పీరియడుంది, టీచరు కష్టపడ్డారు. అయినా చదువు జరగలేదు.

అమెరికా గ్రంథపాలకురాలు నీనా బ్రౌన్ 1895లో ఈ సమస్యకు విరుగుడు కనిపెట్టారు. ప్రతి పుస్తకం లోపల అట్టకు ఒక కాగితపు జేబు, అందులో ఆ పుస్తకం పేరు, నంబరు రాసిన కార్డు. ప్రతి సభ్యుడికీ అతని పేరు రాసిన చిన్న అట్టజేబు టిక్కెట్టు. పుస్తకం తీసుకునేటప్పుడు పుస్తకంలోని కార్డును సభ్యుడి టిక్కెట్టు జేబులో పెట్టి, తిరిగివ్వాల్సిన తేదీ వెనక ట్రేలో నిలబెడతారు. డేట్ స్లిప్ మీద ముద్ర వేస్తారు. రాసేదేమీ లేదు. పుస్తకం తిరిగొస్తే కార్డు పుస్తకంలోకి, టిక్కెట్టు పిల్లవాడి చేతికి. గడువు దాటినవి వెతకక్కర్లేదు, ఆ తేదీ వెనక మిగిలిపోయినవే అవి. ఈ పుస్తకం ఎవరి దగ్గరుంది, ఈ రోజు ఏవి రావాలి అన్న ప్రశ్నలకు ఒక్క ట్రేలో జవాబు దొరుకుతుంది. కంప్యూటరు, కరెంటు లేకుండా నడిచే ఈ ఏర్పాటు ఎనిమిదో తరగతి పిల్లలిద్దరికి అప్పగిస్తే పావుగంటలో పని ముగిస్తారు. పని చేసిన పిల్లలకు అంకెల క్రమం, అక్షర క్రమం, బాధ్యత మూడూ పట్టుబడతాయి. మిగిలిన పాతిక నిమిషాలు చదువుకోవడానికే.

ఇక పుస్తకం లోపల కూడా సమయం కలిసొచ్చే దారులున్నాయి. విషయసూచిక చూసి అధ్యాయానికి వెళ్లడం, చివరి పదసూచిక చూసి పేజీకి వెళ్లడం, నిఘంటువులో రెండో అక్షరం పట్టుకుని దిగడం. ఇవి పాఠ్యపుస్తకం నేర్పేవి కావు, ఎందుకంటే పాఠ్యపుస్తకంలో పాఠం ఎక్కడుందో మాస్టారే చెబుతారు. వెతుక్కోవాల్సిన అవసరం గ్రంథాలయంలోనే పడుతుంది. ఒకే విషయం మీద రెండు పుస్తకాలు రెండు మాటలు చెబితే ఏది నమ్మాలన్న ప్రశ్న కూడా అక్కడే మొదటిసారి ఎదురవుతుంది.

పెరగడం, రాల్చడం

ఐదో సూత్రాన్ని మనం సగమే పాటిస్తాం. పెరగడం అంటే పుస్తకాల సంఖ్య పెరగడమని అనుకుంటాం. జీవి అన్నాక పాతవి రాలాలి కూడా. సౌరకుటుంబంలో తొమ్మిది గ్రహాలని చెప్పే పుస్తకం 2006 నుంచి తప్పు చెబుతోంది. 2014 జూన్ 2 కంటే ముందు అచ్చయిన రాజకీయ పటం తెలుగు పిల్లలకు తమ రాష్ట్రాన్నే తప్పుగా చూపిస్తుంది. తెలంగాణ జిల్లాలు 10 నుంచి 33 అయ్యాయి. 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. ఈ పాత పుస్తకాలు రిజిస్టరులో సంఖ్య నింపడానికి తప్ప ఎందుకూ పనికిరావు. వాటిని తీసేసినట్టు రిజిస్టరులో రాసి, హెడ్మాస్టరు సంతకంతో పక్కన పెట్టడం కూడా గ్రంథపాలకుడి పనే. తియ్యడం తెలియని బడిలో మంచి పుస్తకం చెత్తలో కూరుకుపోతుంది, మూడో సూత్రం మళ్లీ ఓడిపోతుంది. సూత్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

లోపం ఎక్కడ

ఇంత మెచ్చుకున్నాక లోపం కూడా చెప్పాలి. ఈ ఐదు వాక్యాలు చదువరి ఉన్నాడన్న నమ్మకంతో మొదలవుతాయి. గ్రంథాలయానికి తనంతట తాను నడిచి వచ్చేవాడి గురించి ఇవి బాగా ఆలోచిస్తాయి. బడికి వచ్చే పిల్లల్లో చాలామంది ఇంకా చదువరులు కారు. అక్షరం కూడబలుక్కుంటున్న పిల్లవాడికి పుస్తకం వాడటమంటే ఏమిటి? బొమ్మలు చూడటమా, టీచరు చదువుతుంటే వినడమా, పక్కవాడితో కలిసి కథ అల్లడమా? మొదటి వాక్యాన్ని అంత వెడల్పుగా చదువుకుంటేనే ఒకటో తరగతికి సరిపోతుంది.

రెండో లోపం డబ్బు విషయం. సూత్రాల్లో దాని ఊసు లేదు. దాన్ని రంగనాథన్ చట్టాల ద్వారా సాధించాలని చూశారు. ఆయన కృషి ఫలితంగా 1948లో వచ్చిన మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం అప్పటి ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలకూ వర్తించింది. తర్వాత 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా జిల్లా గ్రంథాలయ సంస్థలకు చేరే ఏర్పాటు అలా కుదిరింది. బడి గ్రంథాలయానికి అలాంటి సొంత పన్ను లేదు. సమగ్ర శిక్ష కింద బడి స్థాయిని బట్టి ఏడాదికి 5 వేల నుంచి 20 వేల రూపాయల దాకా గ్రాంటు నిర్ణయించారు. ఆ సొమ్ము పుస్తకాలకు సరిపోవచ్చు గానీ, వాటిని పిల్లల చేతికి చేర్చే మనిషికి జీతం అందులోంచి రాదు. ఐదు సూత్రాల్లో ఏదీ మనిషి లేకుండా పనిచెయ్యదు. పూర్తికాలం గ్రంథపాలకుడు లేని బడిలో ఆ భారమంతా పుస్తకాల మీద ప్రేమ ఉన్న ఒక టీచరు మీద పడుతుంది, ఆ టీచరుకు బదిలీ అయితే బీరువా తాళం మళ్లీ పడుతుంది.

అయినా ఈ ఐదు వాక్యాలకు సాటి వచ్చే కొలమానం ఇంకొకటి నాకు కనబడలేదు. శాస్త్రం చదవని తల్లిదండ్రులు కూడా వీటితో ఒక బడి గ్రంథాలయాన్ని పది నిమిషాల్లో పరీక్షించగలరు. అదే వీటి గొప్పతనం. ఈసారి మీ పిల్లల బడికి వెళ్లినప్పుడు ఐదు ప్రశ్నలు అడగండి. పుస్తకాల తాళంచెవి ఎవరి దగ్గరుంది? చదవడం కష్టంగా ఉన్న పిల్లవాడికి ఈ నెల ఏ పుస్తకం ఇచ్చారు? డేట్ స్లిప్ మీద ఒక్క ముద్ర కూడా లేని పుస్తకాలు ఎన్ని? లైబ్రరీ పీరియడులో పిల్లలు చదివేది ఎన్ని నిమిషాలు? పోయిన ఏడాది కొత్తగా వచ్చినవెన్ని, తీసేసినవెన్ని? మొహమాటపడాల్సిన పనిలేదు. ప్రతి బడిలో వార్తాపత్రికలు, పత్రికలు, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల పుస్తకాలున్న గ్రంథాలయం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు చెబుతోంది. ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని చెప్పిందీ ఆ చట్టమే.